ఎదురు బోర్డు మీది మనిషి

జనవరి 8

ఎదురు బోర్డు మీద నిండు ఆరోగ్యంతో నవ్వుతున్న తమ్ముడికి, ఆ బోర్డుకి ఎదురుగా దుకాణంలో కూర్చున్న అక్క రాయునది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని ముఖం చిట్లిస్తావు. ఫోన్ చేస్తే నీ గుమాస్తా ఎత్తి, సారు తల్లిదండ్రులతో మాట్లాడుతున్నారమ్మా అంటాడు. ఎవరి తల్లిదండ్రులో గానీ ఎప్పుడు చేసినా అదే మాట. ఏ మంచి రోజునో నువ్వే ఎత్తితే, నేను రెండు ముక్కలు చెప్పేలోపు "సరే అక్కా, చూద్దాం" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు. సగంలో చదవడం ఆపినా మిగతా సగం నీ బల్ల మీదే పడి ఉంటుంది.

విషయానికొస్తాను. నీ కూతురు, మన పిడుగు, నిన్న బడిలో తోటి పిల్లని కొట్టింది. మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ పిల్ల కళ్లజోడు ఎగిరి గచ్చు మీద పడితే, వదిలెయ్యకుండా కాలితో తొక్కింది. చెంపదెబ్బకే ఫ్రేము అంచు గీసుకుని ఆ పిల్ల కనుబొమ మీద కుట్లు పడ్డాయి. కంటికి ఏమీ కాలేదు, అంతవరకు బతికిపోయాం. ఆ కళ్లజోడు మొన్నీమధ్య నా దుకాణంలో చేయించుకున్నదే. మళ్లీ అలాంటిదే చేసి పట్టుకెళ్లి ఇచ్చాను. వాళ్లమ్మ తీసుకుంది గానీ నా ముఖం వైపు చూడలేదు.

ఇది మొదటిసారి కాదని నీకు తెలుసు. ఆ మధ్య ఒకణ్ణి మెట్ల మీద తోసింది, అంతకుముందు ఒక పిల్ల జడ పట్టుకుని గోడకేసి గుద్దబోయింది. రెండుసార్లూ నీకు చెప్పాను. చూద్దాం అన్నావు. ఇదిగో, చూడు.

హెడ్‌మిస్ట్రెస్ ఈసారి మెత్తగా మాట్లాడలేదు. తండ్రి స్వయంగా వచ్చి తన ముందు కూర్చోవాలట, లేకపోతే పిల్ల చేతిలో టీసీ పెట్టి పంపేస్తుందట. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఇప్పుడు బడి మారిస్తే దాని ఏడాది గంగలో కలిసినట్టే. ఎందుకు కొట్టావే అని నేను బతిమాలి అడిగాను, బెదిరించి అడిగాను. ఏమీ లేదత్తా అని, డబ్బాలోని సన్న స్క్రూలు సైజు వారీగా వేరుచేస్తూ కూర్చుంది. పని మాత్రం బంగారంలా చేస్తుంది, నేను జీతమిచ్చి పెట్టుకున్న కుర్రాడి కన్నా నయం.

హెడ్‌మిస్ట్రెస్ పద్ధతీ నా పద్ధతీ ఒకటే. మా ఆయన పవరు ఇంత, కళ్లజోడు చేసి పెట్టండి అని చీటీ పట్టుకొచ్చే ఆడవాళ్లని నేను వెనక్కి పంపేస్తాను. మనిషి రావాలి, కుర్చీలో కూర్చోవాలి, ముఖం చూపించాలి. అప్పుడే పని.

నీ బోర్డు సంగతి అడగలేదు గానీ చెబుతాను. నీ స్కూలు వాళ్లు మా వీధిలో, సరిగ్గా నా గుమ్మానికి ఎదురుగా పెట్టారుగా. ఎక్కణ్ణుంచో తెచ్చిన ఎర్రబుగ్గల పిల్లలు ఇద్దరి భుజాల మీద చేతులేసి, కింద "ప్రతి బిడ్డా నా బిడ్డే" అని రాయించుకుని నిలబడ్డావు. రాత్రిళ్లు లోపల దీపాలు కూడా వెలుగుతాయి. అది నాకు బాగా పనికొస్తోంది. లోపల అక్షరాల బోర్డు చదివించాక, కొత్త లెన్సులతో మనిషిని గుమ్మంలోకి తీసుకొచ్చి, ఎదురుగా ఆ మనిషి ముక్కూ మూతీ తెలుస్తున్నాయా అని అడుగుతాను. తెలుస్తున్నాయంటారు. "వాడు మా తమ్ముడే. కూతురికి తప్ప ఊరందరికీ కనిపిస్తాడు" అంటాను. నవ్వని వాడు పాపాత్ముడు. ఆ మాట వినడానికే పక్కింటివాళ్లని వెంటబెట్టుకొచ్చేవాళ్లున్నారు. నీ వల్ల ఈ కొంపకి ఇన్నేళ్లలో జరిగిన మేలు ఇదొక్కటే.

పిడుగు మాత్రం నీ పేరెత్తితే చాలు, చేతిలో పని అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోతుంది. నువ్వంటే దానికి అంత ప్రేమ మరి.

ఎప్పుడొస్తావో రాయి. చూద్దాం అని మాత్రం రాయకు.

నీ అక్క


జనవరి 15

గౌరవనీయురాలైన అక్కయ్యకి,

నీ ఉత్తరం చేరింది. భాష కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే ఇంకా ఇష్టంగా చదివేవాణ్ణి. ఈ సంస్థలో తలుపు తోసుకుని వచ్చే తల్లిదండ్రులు కూడా నాతో ఆ స్వరంలో మాట్లాడరు.

జరిగిన సంఘటనకి బాధపడ్డాను. ఆశ్చర్యపోలేదు. కౌమారంలో ఉన్న పిల్లల్లో దూకుడుకి మూలం ఇంటి వాతావరణంలో ఉంటుందని నేను ఎన్నో వేదికల మీద చెప్పాను. దుకాణంలో పెరిగిన పిల్ల దుకాణం మాటలే నేర్చుకుంటుంది. రోజంతా వచ్చేపోయేవాళ్ల కబుర్లు, ఎగతాళి, వాళ్ల మీద వీళ్ల మీద జోకులు. నువ్వు లెన్సులు అరగదీయడంలో ఘనురాలివే కావచ్చు, పిల్లల మనసు మాత్రం వేరే పరికరాలతో చూడాలి.

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో "ఆదరణ కరవైన పిల్లలు, అదుపు తప్పే చేతులు" అనే అంశం మీద మాట్లాడాను. తల్లులు కళ్లు తుడుచుకున్నారు. ఒక పెద్ద అధికారి లేచి నిలబడి, తన కొడుకుతో ఇకనుంచి రోజూ భోజనం చేస్తానని అందరి ముందూ మాట ఇచ్చాడు. ఆ ప్రసంగం అచ్చు వేయించాం. ఒక ప్రతి దీనితో పంపుతున్నాను. రోజుకొక పేజీ చొప్పున పిల్లచేత పైకి చదివించు.

మాటల మనిషినని నువ్వు ఎగతాళి చేస్తావు కాబట్టి ఒకటి చెబుతాను. నిరుడు మా హాస్టల్లో ఒక కుర్రాడు కనిపించిన ప్రతివాణ్ణీ కొట్టేవాడు. వాణ్ణి ఇంటికి పంపెయ్యమని యాజమాన్యం అంది. నేను వినలేదు. మెస్సులో వాడి పక్కనే కూర్చుని, ఏమీ అడగకుండా వారాల తరబడి వాడితో కలిసి తిన్నాను. ఒకరోజు వాడంతట వాడే ఏడ్చాడు. ఇప్పుడు వాడు క్లాసు లీడరు.

ఇది అడ్మిషన్ల సమయం. నేను కదిలితే ఇక్కడ ఏ పనీ జరగదు. నా తరఫున నువ్వు హాజరు కావచ్చని సంతకం, ముద్రతో అధికారపత్రం జతచేశాను. దానితో పని జరగకపోతే నా మిత్రుడొకాయన ఆడపిల్లలకి హాస్టల్ స్కూలు నడుపుతున్నాడు. క్రమశిక్షణ గట్టిది. ఒక సీటు ఉంచమని చెప్పాను.

ఈ మధ్య నాకు దగ్గరివీ దూరానివీ కూడా మసకగా ఉంటే ఇక్కడ పెద్ద దుకాణంలో కళ్లజోడు తీసుకున్నాను. అంతా మిషనే చూసింది. నీలా అక్షరాల బోర్డు చదివించలేదు, జోకులు వేయలేదు.

ఇట్లు
ప్రిన్సిపాలు (నీ తమ్ముడు)


జనవరి 24

ముద్రలు గుద్దే తమ్ముడికి అక్క రాయునది.

నీ అధికారపత్రం పట్టుకుని బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఒక ఇనప బీరువా, ఒక కిటికీ, పిల్లల దగ్గర లాక్కున్న బంతులూ బొమ్మలూ నింపిన అట్టపెట్టె ఉన్నాయి. ఆవిడ నీ కాగితాన్ని కొసతో పట్టుకుని వెలుతురులోకి ఎత్తి చూసింది. మీ తమ్ముడి సంతకం చాలా బాగుందమ్మా, ఇప్పుడు మనిషిని పంపండి అంది. నేను సిగ్గుతో చచ్చిపోవలసింది. నవ్వొచ్చింది. నీ ముద్రని ఇంత చులకనగా చూసిన మనిషి దొరికినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. ఫిబ్రవరి ఇరవై దాకా గడువిచ్చింది. ఆ తర్వాత టీసీ.

నీ ప్రసంగం పిడుగుకి ఇచ్చాను. రోజుకొక పేజీ లేదు, పాడూ లేదు, కూర్చున్న చోట మొత్తం చదివేసింది. ఏముందే అందులో అని అడిగాను. పిల్లలతో రోజూ కాసేపు కూర్చోవాలట అంది. బాగా రాశాడా అంటే, బాగా రాశాడు అంది. మడిచి పుస్తకాల సంచిలో పెట్టుకుంది. ఆ గొంతులో వెటకారం ఉందో ఇంకేముందో నాకు అంతుపట్టలేదు. వెటకారమే అయి ఉంటుంది, నా దగ్గర పెరిగింది కదా.

ఇక నీ మెస్సు కథ. ఎవడి కొడుకు పక్కనో వారాల తరబడి కూర్చుని తిన్నావు. చదివి నా రక్తం ఉడికిపోయింది. చేతకాని వాడివైతే జాలిపడి ఊరుకునేదాన్ని. నీకు చేతనవును. అదే నేను క్షమించలేనిది. కూతురి పక్కన కంచం పెట్టుకోవడానికి మాత్రం నీకు అడ్మిషన్లు అడ్డం వస్తాయి. తల్లి పోయిన పిల్లని ఒక్క ఏడాది చూడమని నా దగ్గర దింపి వెళ్లావు. ఆ ఏడాది ఇంకా గడవలేదు కాబోలు.

ఆ హాస్టల్ మాట ఇంకోసారి ఎత్తకు. ఇంట్లో పనికిరాని సామాను అటక మీదికెక్కించినట్టు పిల్లని ఎక్కిస్తానంటే నేను నిచ్చెన పట్టుకోను. పైగా నువ్వు పోయిపోయి ఎవడి దుకాణంలోనో కళ్లజోడు కొనుక్కున్నావు. నీ అక్కకి తెలిసిన విద్య అదొక్కటి. దానిక్కూడా నేను పనికిరాలేదు.

ఒక శుభవార్త. నీ బోర్డు పోయింది. మొన్న సాయంత్రం దీపాలు వెలిగే వేళకి ఎవరో రాళ్లు వేశారు. గురి చూడు, సరిగ్గా రెండు కళ్లూ పగిలాయి. ఆ చిల్లుల్లోంచి లోపలి దీపాలు బయటికి వేలాడుతున్నాయి. ఎర్రబుగ్గల పిల్లలకి మాత్రం గీత కూడా పడలేదు. నీ స్కూల్లో ఫెయిలైన వాడి తండ్రెవరో అయి ఉంటాడు. దొరికితే ఉచితంగా కళ్లజోడు చేసిపెడతాను. దూరం పరీక్షకి కాస్త ఇబ్బందే గానీ నా మాట నేను మార్చుకున్నాను. ఇప్పుడు వాడు ఎవరికీ కనిపించడు, వాడికీ ఎవరూ కనిపించరు అంటున్నాను. దీనికి ఇంకా ఎక్కువ నవ్వుతున్నారు. నిన్న ఒకాయన నవ్వీ నవ్వీ పొలమారి, మంచినీళ్లు తెమ్మని పిడుగుని పిలిస్తే అది పలకలేదు. వెనక గదిలో తలుపేసుకుని ఉంది. నీ ఊసంటేనే దానికి అంత రోత.

గడువు గుర్తుందిగా.

నీ అక్క


ఫిబ్రవరి 1

అక్కయ్యకి,

బోర్డు విషయాన్ని నువ్వు శుభవార్త అని రాయడం నన్ను నిర్ఘాంతపరిచింది. అది నా ముఖం మాత్రమే కాదు, ఒక సంస్థ పరువు. ఫెయిలైన కుర్రాడి తండ్రి చేసిన పని కాదిది. మీ ఊళ్లో కొత్తగా వచ్చిన హాస్టల్ స్కూలు వాళ్ల పని. అడ్మిషన్ల ముందు ఇలాంటివి చేయిస్తారని మాకు అనుభవమే. కళ్లు గురిచూసి కొట్టారంటేనే తెలుస్తోంది, ఎవరో మనిషికి పని అప్పగించి చేయించారు. పోలీసులకి నా పేరుతోనే ఫిర్యాదు పంపాను. ఎవరైనా సరే, ఎంతటివారైనా సరే వదలవద్దని రాశాను. నీ దుకాణం గుమ్మం మీద కెమెరా ఉందని కూడా అందులో తెలియజేశాను. వాళ్లు వస్తే సహకరించు. నీ వ్యంగ్యం ఆ కాసేపు లోపల పెట్టుకో.

పిల్ల సంగతి. హాస్టల్ సీటు ఖాయం చేశాను. ఇరవై దాకా ఆగనవసరం లేదు, పదో తారీఖున కారు పంపుతాను. బట్టలూ పుస్తకాలూ సర్ది ఉంచు.

నేనెందుకు రానని మళ్లీ మళ్లీ రాస్తున్నావు. సూటిగా చెబుతాను. పోయినసారి వచ్చినప్పుడు ఆ పిల్ల నాకు వీపు తిప్పి కూర్చుని ఏదో ఫ్రేము బిగిస్తూనే ఉంది. నేను అడిగినవాటికి ఊ అంది, లేదంది. అంతే. నా పేరెత్తితే లేచి వెళ్లిపోతుందని నువ్వే రాశావు, రోత అని కూడా నువ్వే రాశావు. రోతపుట్టే మనిషి వచ్చి హెడ్‌మిస్ట్రెస్ ముందు తండ్రినని కూర్చుంటే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఎనిమిది వందల మంది పిల్లలు నన్ను చూసి లేచి నిలబడతారు. ఒక్క పిల్ల లేచి వెళ్లిపోతుంది. ఆ గదిలోకి మళ్లీ రావడం నా వల్ల కాదు.

ఇట్లు
ప్రిన్సిపాలు


ఫిబ్రవరి 6

తమ్ముడికి,

కారు పంపకు.

నీ ఫిర్యాదు పట్టుకుని నిన్న ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన నా దగ్గర కళ్లజోడు చేయించుకున్న మనిషే. కుర్చీలు వేయించాను, టీ తెప్పించాను. నిజం చెప్పాలంటే నీ శత్రువు ముఖం చూడాలని నాకూ ఉబలాటంగా ఉంది. పిడుగు బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో పాత ఫ్రేముకి ముక్కు దగ్గర మెత్తలు మారుస్తోంది. కుర్రాడు కెమెరా బొమ్మని ఆ సాయంత్రం దాకా వెనక్కి తిప్పాడు.

రోడ్డు పనికి పోసిన కంకరగుట్ట దగ్గరికి ఒక ఆడపిల్ల వచ్చింది. బడి బట్టలు, వీపున సంచి. సంచి తీసి జాగ్రత్తగా గోడకి ఆనించింది. రాయి ఏరుకుంది, బాగోలేదని పడేసి ఇంకోటి ఏరుకుంది. నేను జడని బట్టి పోల్చుకున్నాను. ఆ పొద్దున ఆ జడ వేసింది నేనే కదా.

పోలీసాయన బొమ్మ వంక చూశాడు, బల్ల దగ్గర పిల్ల వంక చూశాడు. ఎవరైనా సరే, ఎంతటివారైనా సరే వదలవద్దని రాశావుగా. వదల్లేదు. ఇద్దరం స్టేషనుకి వెళ్లాం.

అక్కడ ఆయన దాన్ని బెదిరించలేదు. మీ నాన్న మీద అంత కోపమా తల్లీ అని అడిగాడు. నాన్న మీద కాదు అంది. మరెందుకు కొట్టావు అంటే బల్ల అంచు గీకుతూ, "బోర్డు లేకపోతే అత్త ఆ మాట అనదని" అంది.

ఆయనకి ఏ మాటో వెంటనే తెలిసింది. కళ్లజోడు చేయించుకున్న రోజున నేను ఆయన్ని కూడా గుమ్మంలోకి తీసుకెళ్లి చూపించాను, ఆయన కూడా పగలబడి నవ్వాడు. ఇప్పుడు ఆ కళ్లజోడులోంచే నా వైపు చూశాడు. నేను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను.

మిగతాది తర్వాత ఒక్కొక్క ముక్కే చెప్పింది. కుళాయిల దగ్గర ఆ పిల్ల, మీ నాన్న నీకు తప్ప అందరికీ కనిపిస్తాడటగా, మీ అత్తే చెప్పింది అందట. వాళ్లమ్మతో కళ్లజోడుకి వచ్చిన రోజున విన్న మాట. వినోదంగా ఉందని క్లాసంతటికీ పంచిందట. నా కళ్లజోడు పెట్టుకుని, నా మాట అంటే, దాన్ని తొక్కకుండా ఏం చేస్తుంది? మెట్ల మీద తోసినవాడూ, జడ పట్టుకున్న పిల్లా వేరే ఏదో అని ఉంటారని నువ్వనుకుంటున్నావేమో. నేను అడిగాను. అదే మాట.

నీ పేరెత్తితే లేచి వెళ్లిపోయేదని రాశాను. నీ పేరుకి కాదు. నీ పేరు తర్వాత నేనేమంటానో దానికి తెలుసు కనుక ముందే లేచి వెళ్లిపోయేది. అది నేను తప్పు చదివి నీకు రాశాను, నువ్వు దాన్ని సాకుగా పట్టుకుని కూర్చున్నావు. ఇద్దరికి ఇద్దరం.

ఇంతకన్నా ఏమీ రాయను, కనీసం నీకు రాయను. నా మీద నీకు చులకన ఉంటే ఉండనీ, ఈసారి దానికి కారణం ఉంది. అంతమాత్రాన నువ్వు పునీతుడివైపోలేదు. నేనన్న మాట అబద్ధం కాదు. అబద్ధమైతే పిల్లకి అంత తగిలేది కాదు.

ఫిర్యాదు పెట్టిన మనిషే వచ్చి వెనక్కి తీసుకోవాలట. ముద్ర పంపితే కుదరదని పోలీసాయన ముందే చెప్పాడు.

అక్క


ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. ఆఫీసులో మనుషులుంటే బయటికి పంపేశాను.

తల్లి లేని పిల్లని నీ చేతిలో పెట్టాను. నువ్వు దాని తండ్రిని వచ్చిన ప్రతివాడికీ నవ్వులాటగా పంచిపెట్టావు. అది పక్కనే కూర్చుని ఉండగా. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. నీకు వ్యాపారం పెరిగింది. దుకాణం మాటలు అని నేను రాసినప్పుడు నీకు పౌరుషం వచ్చింది. ఇప్పుడేమంటావు?

కారు రాదు. హాస్టల్ వద్దని చెప్పేశాను. ఫిర్యాదు నేనే పెట్టాను కాబట్టి నేనే తీస్తాను. యాజమాన్యం అడిగింది, ఎవరో చిన్నపిల్ల అని చెప్పాను. ఎవరి పిల్ల అని అడిగారు. తెలియదన్నాను. రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను, తెలియదన్నాను.

సోమవారం వస్తాను. స్టేషను పని చూసుకుని దుకాణానికి వస్తాను, అక్కణ్ణుంచి బడికి. నీతో మాట్లాడటానికి మాత్రం కాదు.

తమ్ముడు


ఫిబ్రవరి 13

వచ్చి వెళ్లిన తమ్ముడికి,

సోమవారం పొద్దున్నించీ పిడుగు బడి మానేసి దుకాణంలో కూర్చుంది. నేను వద్దనలేదు. వస్తానన్నాడని చెప్పాను. చెప్పడం నా బుద్ధితక్కువ.

నిన్న పోలీసాయన దారినపోతూ ఆగి, మీ తమ్ముడు వచ్చి సంతకం చేసి వెళ్లాడమ్మా, చాలా మర్యాదస్తుడు అన్నాడు. మధ్యాహ్నానికే పని అయిపోయిందట, బస్టాండుకి దారి అడిగాడట. ఆహా అనుకున్నాను. అంతదూరం నుంచి వచ్చినవాడివి, స్టేషను దాకా రాగలిగినవాడివి, పక్క వీధిలోకి రాలేకపోయావు. నిన్ను తిట్టడానికి నాకు మాటలు దొరకని రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. రాత్రంతా వెతుక్కుంటూ పడుకున్నాను.

పొద్దున పిడుగుకి ఎలా చెప్పాలా అని నసుగుతుంటే, అదే చెప్పింది. నాకు తెలుసత్తా, నాన్న వచ్చాడు అంది.

నువ్వు వీధిలోకి వచ్చావట. నేను లోపలి చీకటి గదిలో ఒక ముసలావిడచేత అక్షరాలు చదివిస్తున్నాను, నాకు తెలియదు. పిల్ల బల్ల దగ్గర నుంచి చూసిందట. ఎదురుగా, పగిలిన నీ బోర్డు కిందే నిలబడ్డావట. చాలాసేపు నిలబడ్డావట.

"పిలవకపోయావా?" అన్నాను.

"కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. తుడుచుకుని వస్తాడనుకున్నా" అంది.

నేను వెనక గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని కాసేపు నిలబడ్డాను. ఏడ్చానని నీకు రాయడం నాకు ఇష్టం లేదు. రాశాను కాబట్టి చదువుకో.

నువ్వేమనుకున్నావో నేను చెప్పగలను. అది తలెత్తి నిన్ను చూసి కూడా లేవలేదు, కదల్లేదు, అలాగే ఫ్రేము బిగిస్తూ కూర్చుంది. ఇంకేం, రోత అనుకుని వెనక్కి తిరిగావు. ఒరేయ్ మహా మేధావీ, తల్లులచేత కళ్లు తుడిపించే ఉపన్యాసకుడా, అది లేవలేదంటే అర్థం నీకు తెలియలేదా? నా దుకాణంలో నీ ఊసొస్తే అది లేచి వెళ్లిపోతుంది. నువ్వు వచ్చిన రోజున లేవలేదు. కూర్చునే ఉంది. చేతులు ఏదో ఒక పని చేయకపోతే అది కూర్చోలేదు, నువ్వు మెస్సులో వాడి పక్కన అన్నం కలుపుతూ కూర్చున్నట్టే. నీ ప్రసంగం ఇంకా దాని సంచిలోనే ఉంది. పుస్తకాలకి అట్టలు మార్చింది గానీ దాన్ని తీసి పడెయ్యలేదు.

బడికి నేను వెళ్లొచ్చాను. ఆ మాట ఎవరిదో హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాను. దెబ్బ తిన్న పిల్ల తల్లిని కూడా పిలిపించింది, ఆవిడ ముందు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఆవిడ నా ముఖం వైపు చూసింది. చూడకపోయినా బాగుండేది. పిడుగు వెళ్లి ఆ పిల్లకి క్షమాపణ చెప్పింది, అడగకుండానే. ఇరవయ్యో తారీఖు మాత్రం హెడ్‌మిస్ట్రెస్ కదపనంది. తండ్రి రావలసిందేనంది.

బోర్డు నిన్న మీవాళ్లు వచ్చి దింపేశారు, ఖాళీ ఇనప చట్రం ఉంది. కొత్తది వచ్చే నెల పెడతారట. పెట్టుకోండి. నేను ఇప్పుడు జనానికి వీధి చివర మేడ మీది నీళ్ల ట్యాంకు చూపించి, దాని మీద రాసిన అక్షరాలు చదవమంటున్నాను. ఎవరూ నవ్వడం లేదు. కళ్లజోళ్లు మాత్రం బాగానే కుదురుతున్నాయి.

ఇంకొకటి. ఈ ఉత్తరం రాసింది దీనికోసమే. సాయంత్రం పిడుగు నా దగ్గరికి వచ్చి, నాన్న ఫ్రేము వంకరగా ఉందత్తా, ఎడమవైపు జారిపోతోంది, చూపుడు వేలితో పైకి తోసుకుంటూనే ఉన్నాడు అంది. ఎవడు చేశాడో గానీ చెవి దగ్గర వంచకుండానే ఇచ్చేశాడట. అది పెట్టుకుని చదివితే తలనొప్పి వస్తుందట. వీధికి ఆ పక్క నుంచి చూసింది ఇదంతా. నీ ముఖం నేను ఇన్నాళ్లు గుమ్మంలో నిలబడి జనానికి చూపించాను గానీ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఫ్రేము వేడిచేసే మిషను తుడిచి పెట్టింది. సన్న స్క్రూడ్రైవరూ, కొత్త మెత్తలూ, గుడ్డ ముక్కా ఒక పళ్లెంలో సర్ది ఒక పక్కన ఉంచింది. కుర్రాణ్ణి ముట్టుకోనివ్వడం లేదు. కళ్లజోడు పోస్టులో పంపిస్తాడేమో, సరిచేసి పంపుదాం అన్నాను నేను, నోరు ఊరుకోక. అది నాకేసి వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. ముఖం మీద పెట్టి చూడకుండా ఎలా వంచుతామత్తా అంది.

నా దగ్గర నేర్చుకున్న పనే. కాదనడానికి లేదు.

కాబట్టి ముఖం పట్టుకుని రా. ఇరవైకి ముందు ఏ రోజైనా సరే. నేను లోపలి గదిలో ఉంటాను, నాతో మాట్లాడనక్కర్లేదు. వీధి మాత్రం దాటాలి. బళ్లు ఎక్కువ తిరుగుతున్నాయి, రెండు వైపులా చూసుకుని దాటు.

నీ అక్క